నీలి చుక్క వెనుక లెక్క

2024 జూలై 8న సుప్రీంకోర్టు ఒక బెయిలు షరతును కొట్టివేసింది. మాదకద్రవ్యాల కేసులో నిందితుడైన ఓ విదేశీయుడికి ఢిల్లీ హైకోర్టు బెయిలు ఇస్తూ, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తానున్న చోటు దర్యాప్తు అధికారికి తెలిసేలా చూడాలని ఆదేశించింది. బెయిలు మీద ఉన్న మనిషి ప్రైవేటు జీవితంలోకి పోలీసులు అదేపనిగా తొంగిచూసే వీలు కల్పించడం రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పులో ఎక్కువ చర్చ జరిగింది ఈ భాగం మీదే. నా దృష్టి మాత్రం మరో చోట నిలిచింది. విచారణ మధ్యలో కోర్టు గూగుల్‌నే వివరణ అడిగింది. పిన్ పెట్టినంత మాత్రాన మనిషి కదలికలను ఎప్పటికప్పుడు గమనించడం వీలుకాదని ఆ సంస్థ ప్రమాణపత్రం దాఖలు చేసింది. పిన్ ఎక్కడ పెట్టాలన్నది పెట్టేవాడి ఇష్టం. ఢిల్లీలో కూర్చుని విజయవాడలో పెట్టవచ్చు. అంటే ఆ షరతు వ్యక్తి స్వేచ్ఛను హరించేదే కాక, ఉద్దేశించిన పనికి కూడా అక్కరకు రానిది.

మ్యాపు మీద పెట్టిన గుర్తు, ఫోను లెక్కగట్టిన స్థానం, మనిషి మీద సాగే నిఘా. ఈ మూడూ వేరువేరు సంగతులు. తెర మీద అన్నీ ఒకే చుక్కలా కనిపిస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. హైకోర్టు ఉత్తర్వులోనే ఈ తేడా మరుగున పడిందంటే, "ఉపగ్రహం పైనుంచి మనల్ని చూస్తోంది", "లొకేషన్ ఆపేస్తే మనం ఎక్కడున్నామో ఎవరికీ తెలియదు", "యాప్ చూపించింది కాబట్టి పొలం హద్దు అదే" అనే మాటలు ఊరూరా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. మూడూ తప్పే. అయితే మూడింటి తప్పూ ఒక్కచోట లేదు. అందుకే ఆ చుక్క ఎలా పుడుతుందో మొదటినుంచీ చూడటం అవసరం.

ఉపగ్రహం చెబుతుంది, ఫోను వింటుంది

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహానికి మీ ఫోను ఉన్న సంగతే తెలియదు. "ఇప్పుడు సమయం ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను" అని రేడియో సంకేతాల్లో ఎడతెగకుండా ప్రకటించడమే దాని పని. ఎవరు వింటున్నారో రేడియో స్టేషనుకు తెలియనట్టే, దానికీ తెలియదు. లెక్కంతా ఫోనులోనే జరుగుతుంది.

ఆ లెక్క సూత్రం తేలికైనదే. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సంకేతం బయలుదేరిన సమయం అందులోనే రాసి ఉంటుంది. చేరిన సమయం ఫోనుకు తెలుసు. రెండింటి తేడాను వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో వస్తుంది. ఆ ప్రయాణానికి పట్టేది సెకనులో వందో వంతులు ఏడు నుంచి తొమ్మిది మాత్రమే. ఇలా మూడు ఉపగ్రహాల నుంచి దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో తేలిపోవాలి.

కానీ చిక్కంతా గడియారంలో ఉంది. సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఉపగ్రహంలో పరమాణు గడియారం ఉంటుంది. ఫోనులో ఉండేది చవకైన స్ఫటిక గడియారం. దాని మీద ఆధారపడితే ఊరు కూడా సరిగ్గా రాదు. అందుకే నాలుగో ఉపగ్రహం కావాలి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడు తెలియని అంకెలకు తోడు, ఫోను గడియారం ఎంత తప్పుగా ఉందన్నది నాలుగో తెలియని అంకె. నాలుగు దూరాలు దొరికితే నాలుగూ తేలతాయి. ఫోను తన తప్పును తానే కనిపెట్టి సరిదిద్దుకునే ఈ ఏర్పాటు జీపీఎస్‌లోకెల్లా అందమైన భాగమని నా అభిప్రాయం.

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం కూడా రోజూ ఇందులో పనిచేస్తుంది. భూమి గురుత్వాకర్షణ తక్కువగా ఉండే ఎత్తులో గడియారం కాస్త వేగంగా నడుస్తుంది. ఉపగ్రహం వేగం వల్ల కాస్త నెమ్మదిస్తుంది. రెండూ కలిపితే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు జరుగుతుంది. దీన్ని సరిచేయకుండా వదిలేస్తే రోజుకు 11 కిలోమీటర్ల మేర తప్పు పేరుకుపోతుంది.

ఈ వ్యవస్థను కట్టింది అమెరికా సైన్యం. 1983 సెప్టెంబరులో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేశాక, జీపీఎస్‌ను పౌరులకూ ఉచితంగా అందిస్తామని నాటి అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. అయినా పౌరులకిచ్చే సంకేతంలో కావాలని తప్పు కలిపేవారు. స్థానం వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. 2000 మే నెలలో ఆ కల్తీని ఆపేశారు. ఒక్క రాత్రిలో ప్రపంచమంతటా స్థానం లెక్క పది రెట్లు మెరుగుపడింది. క్యాబ్ యాప్‌లు, డెలివరీ యాప్‌లు ఆ నిర్ణయం లేకపోతే పుట్టేవే కావు.

ఒక దేశపు సైన్యం తలచుకుంటే మెరుగుపడే సంకేతం, తలచుకుంటే చెడిపోనూ వచ్చు. ఈ ఆందోళనే జీపీఎస్ లాంటి సొంత ఉపగ్రహ వ్యవస్థలైన రష్యా గ్లోనాస్‌ను, ఐరోపా గెలీలియోను, చైనా బైడూను, మన నావిక్‌ను నడిపించింది.

శ్రీహరికోట నుంచి ఫోను దాకా

నావిక్ కథను విజయగాథలా చెప్పడం తేలిక. కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకుంటేనే విషయం అర్థమవుతుంది. 2013 జూలైలో మొదటి ఉపగ్రహం శ్రీహరికోట నుంచి వెళ్లింది. 2016 ఏప్రిల్‌కు ఏడూ కక్ష్యల్లోకి చేరాయి. మూడు భూస్థిర కక్ష్యలో, నాలుగు దానికి కొంత వాలుగా. ప్రపంచమంతటా కాకుండా భారతదేశాన్ని, సరిహద్దుల చుట్టూ 1,500 కిలోమీటర్ల మేరను చూసుకునే వ్యవస్థ కాబట్టి ఏడు చాలనుకున్నారు.

దెబ్బ గడియారాల దగ్గర తగిలింది. విదేశాల నుంచి కొన్న రుబీడియం పరమాణు గడియారాలు మొదటి ఉపగ్రహంలో వరసగా ఆగిపోయాయి. దాని స్థానంలోకి 2017 ఆగస్టులో పంపిన ఉపగ్రహం, రాకెట్ పైభాగంలోని ఉష్ణ కవచం విడిపోక అందులోనే చిక్కుకుపోయింది. ఆ తర్వాతి ఏళ్లలో మరికొన్ని ఉపగ్రహాల గడియారాలూ మొరాయించాయి. ఉపగ్రహం బతికే ఉన్నా గడియారం ఆగితే స్థానం చెప్పడానికి అది పనికిరాదు. 2023 మే నెలలో దేశీయంగా తయారుచేసిన పరమాణు గడియారంతో కొత్త తరం ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 వెళ్లింది. 2025 జనవరిలో, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా ఎన్‌వీఎస్-02 వెళ్లింది. రాకెట్ తన పని చక్కగా చేసింది. ఉపగ్రహంలో ఒక కవాటం తెరుచుకోకపోవడంతో అది అనుకున్న కక్ష్యకు చేరలేదు.

మరో అడ్డంకి గురించి పెద్దగా మాట్లాడుకోం. నావిక్ మొదట ఎంచుకున్న ఎల్5, ఎస్ అనే రేడియో పౌనఃపున్యాలను చాలా ఫోన్లలోని చిప్పులు అందుకోలేవు. ప్రపంచంలోని ఫోన్లన్నీ జీపీఎస్ వాడే ఎల్1 చుట్టూ తయారయ్యాయి. కొత్త తరం ఉపగ్రహాల్లో ఎల్1ను చేర్చింది అందుకే. ఆకాశంలో ఉపగ్రహం ఉండటం ఒక పని, జేబులోని చిప్పు దాన్ని వినగలగడం మరో పని. రెండోదానికి పదేళ్లు ఆలస్యమైంది.

ఇవాళ్టి ఫోను ఏ ఒక్క దేశాన్నీ నమ్ముకోదు. దొరికిన సంకేతాలన్నీ కలిపి లెక్కగడుతుంది. 2018 నుంచి కొన్ని ఫోన్లలో రెండు పౌనఃపున్యాలను ఒకేసారి వినే చిప్పులు వచ్చాయి. ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి మళ్లి వచ్చి ఫోనును తప్పుదోవ పట్టిస్తుంది. రెండో పౌనఃపున్యం ఉంటే సూటిగా వచ్చినదేదో, గోడకు తగిలి వచ్చినదేదో విడదీయడం సులువవుతుంది. క్యాబ్ డ్రైవరుకు మీరు పక్క వీధిలో ఉన్నట్టు కనిపించడానికి ఎక్కువసార్లు ఈ గోడలే కారణం.

దిశ మారే చోటు

ఇంతవరకూ ఫోను విన్నదే తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇక్కడి నుంచి చెప్పడం మొదలవుతుంది.

ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, మహా నెమ్మదిగా పంపుతుంది. ఒక్క ఉపగ్రహం తన వివరం పూర్తిగా చెప్పడానికి 30 సెకన్లు, ఉపగ్రహాలన్నిటి పట్టిక పూర్తవడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు కాబట్టి ఫోను ఆ వివరాలను ఇంటర్‌నెట్ ద్వారా తెప్పించుకుంటుంది. ఇక ఇంట్లో, మెట్రో స్టేషను లోపల, అపార్టుమెంటు కింది అంతస్తులో ఉపగ్రహ సంకేతమే సరిగ్గా అందదు. అప్పుడు ఫోను చుట్టుపక్కల వైఫై రూటర్ల గుర్తింపు సంఖ్యలను, సెల్ టవర్ల సంఖ్యలను సేకరించి ఒక సర్వరుకు పంపుతుంది. "ఈ రూటర్లు కనిపిస్తున్నాయంటే నువ్వు ఫలానా చోట ఉన్నావు" అని సర్వరు జవాబిస్తుంది.

ఆ రూటరు ఎక్కడుందో సర్వరుకు ఎలా తెలుసు? అంతకుముందు ఆ దారిన లొకేషన్ వెలుగుతూ వెళ్లిన వేలాది ఫోన్లు చెప్పాయి. మీ ఇంటి రూటరు ఉన్న చోటు, మీరెన్నడూ నమోదు చేయకపోయినా, ఏదో ఒక పెద్ద కంపెనీ పట్టికలో ఉండే అవకాశం చాలా ఎక్కువ. రూటరు పేరు చివర కింది గీత పెట్టి ‘నోమ్యాప్’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో చేరిస్తే గూగుల్ వంటి సంస్థలు దాన్ని పట్టిక నుంచి తీసేస్తాయి. ఈ ఏర్పాటు ఉన్నట్టే చాలామందికి తెలియదు. మన ఇంటిని పట్టికలోకి ఎక్కించేముందు అడగాల్సినవాళ్లు, వద్దనుకుంటే మనమే రూటరు పేరు మార్చుకోవాలనడం న్యాయం కాదు.

ఇక మొబైల్ కంపెనీ సంగతి. లొకేషన్ బటన్ ఆపినా, ఫోను ఏదో ఒక టవరుతో సంబంధంలో ఉండాల్సిందే. లేకపోతే కాల్ రాదు. కాబట్టి మీరు ఏ టవరు పరిధిలో ఉన్నారో కంపెనీకి ఎప్పుడూ తెలుసు. అమెరికా సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పిన ప్రసిద్ధమైన కార్పెంటర్ కేసులో పోలీసులు వారెంటు లేకుండా తెప్పించుకున్నది ఈ టవరు చిట్టానే. 127 రోజులకు 12,898 స్థానాలు. దీనికి వారెంటు తప్పనిసరని ఆ కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ 127 రోజుల్లో జీపీఎస్ పాత్రే లేదు.

ఇన్ని వనరులు కలిపి ఫోను తేల్చేది ఒక అంచనా. నీలి చుక్క చుట్టూ లేతగా కనిపించే వలయాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. చుక్క కంటే నిజాయితీగా మాట్లాడేది ఆ వలయమే. ఆండ్రాయిడ్ పద్ధతిలో దాని అర్థం: అసలు స్థానం ఆ వలయం లోపల ఉండే అవకాశం 68 శాతం. అంటే మూడింట ఒక వంతు సార్లు మీరు వలయం బయటే ఉండవచ్చు. ఆకాశం ధారాళంగా కనిపించే మైదానంలో మామూలు ఫోనుకు అయిదు మీటర్ల దాకా తేడా సహజం.

చుక్క సరైనదే, దారి తప్పు

2024 మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ చూడటానికి వెళ్లిన నలుగురు, రాత్రివేళ వానలో మ్యాపు చెప్పిన దారిన పోయి కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర నిండుగా పారుతున్న వాగులోకి కారుతో సహా దిగిపోయారు. స్థానికులు, పోలీసులు వారిని క్షేమంగా బయటికి తెచ్చారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ముగ్గురికి ఆ అదృష్టం లేకపోయింది. వరదకు ఒక భాగం కొట్టుకుపోయిన వంతెన మీదికి ఎక్కిన కారు రామగంగ నదిలో పడింది.

ఈ రెండుచోట్లా ఉపగ్రహం తప్పు లేదు, చుక్క తప్పు లేదు. చుక్క కింద పరిచిన మ్యాపుకు వంతెన తెగిన సంగతి, దారి నీళ్లలో మునిగిన సంగతి తెలియదు. చుక్క క్షణక్షణం మారుతుంది, మ్యాపు ఎవరైనా మారిస్తేనే మారుతుంది. బరేలీ వంతెన దగ్గర అడ్డుగోడ కట్టాల్సింది రోడ్ల శాఖ. తెగిన వంతెనల జాబితాను మ్యాపు సంస్థలకు రోజువారీగా అందించే బాధ్యత ప్రతి రాష్ట్ర రోడ్ల శాఖకూ ఉండి తీరాలి. వానాకాలం ముందు చెరువు కట్టలు తనిఖీ చేసినంత మామూలు పనిగా ఇది జరగాలి.

మ్యాపులో రద్దీని చూపే ఎర్ర గీతలు కూడా ఇలాంటి అంచనాలే. రోడ్డు మీద కెమెరా పెట్టి చూసేది కాదు. అక్కడి ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి రద్దీ అని ఊహిస్తారు. 2020లో సైమన్ వెకెర్ట్ అనే జర్మన్ కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసుకుని బెర్లిన్ వీధుల్లో మెల్లగా లాక్కుంటూ నడిచాడు. ఖాళీ వీధి మ్యాపులో ఎర్రగా మారిపోయింది.

మన దేశంలో మ్యాపుల కొరతకు మరో చారిత్రక కారణం ఉంది. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా తయారుచేసిన వివరమైన పటాలు చాలాకాలం రక్షణ రహస్యాల్లా ఉండేవి. విదేశీ కంపెనీ ఆకాశం నుంచి తీసిన చిత్రంలో మన ఊరి బావి స్పష్టంగా కనిపిస్తుంటే, మన కంపెనీ అదే బావిని పటంలో గుర్తించాలంటే అనుమతుల కోసం తిరగాల్సి వచ్చేది. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఈ ఆంక్షలను చాలావరకు ఎత్తేసింది. అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన సమాచారాన్ని సృష్టించే, ఉంచుకునే హక్కు భారతీయ సంస్థలకే అన్న నిబంధన పెట్టి, మిగిలినదానికి ముందస్తు అనుమతి అవసరం లేదంది. 2022 డిసెంబరులో జాతీయ భౌగోళిక సమాచార విధానం వచ్చింది. సర్వేయర్లకు శిక్షణనిచ్చే జాతీయ సంస్థ ఉప్పల్‌లో, ఉపగ్రహ చిత్రాలను అందుకుని విశ్లేషించే ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో, సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో ఉన్నాయి. ఈ రంగంలో హైదరాబాద్‌కు ఉన్న బరువు సాఫ్ట్‌వేర్ కంపెనీల సందడిలో మరుగున పడుతోంది.

పొలం గట్టు మీద అయిదు మీటర్లు

ఈ అంచనా స్వభావం తెలియకపోతే ఎక్కువ నష్టపోయేది రైతే. పొలం చుట్టూ నడిస్తే విస్తీర్ణం చెప్పే యాప్‌లు చాలా ఉన్నాయి. ఎరువు ఎంత కావాలో, కోత యంత్రానికి ఎంత ఖర్చవుతుందో ఉజ్జాయింపుగా చూసుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి. గట్టు తగాదాకు పనికిరావు. చతురస్రంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో వైపు సుమారు 63.6 మీటర్లు. ఒక హద్దు అయిదు మీటర్లు పక్కకు జరిగితే 318 చదరపు మీటర్లు మారుతుంది. ఆంధ్ర లెక్కలో దాదాపు 8 సెంట్లు, తెలంగాణ లెక్కలో 3 గుంటలకు పైనే. ఫోను మామూలుగా చేసే తప్పు అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేంత పెద్దది.

సర్వేయరు తెచ్చే రోవర్ అనే కొలత పరికరం కూడా అవే ఉపగ్రహాలను వింటుంది. మరి దానికి సెంటీమీటర్లలో ఎలా తెలుస్తుంది? కోర్స్ అని పిలిచే స్థిర కేంద్రాల వల్ల. ఆ కేంద్రం ఎక్కడుందో ముందే కచ్చితంగా కొలిచి ఉంచుతారు. ఉపగ్రహాలు చెప్పే స్థానానికీ, తన అసలు స్థానానికీ ఉన్న తేడాను అది నిరంతరం లెక్కగడుతుంది. వాతావరణం పైపొరలు సంకేతాన్ని ఆలస్యం చేయడం వల్ల వచ్చే ఆ తేడా, దగ్గర్లోని రోవర్‌కూ దాదాపు అంతే ఉంటుంది. కేంద్రం పంపిన దిద్దుబాటును రోవర్ మొబైల్ నెట్‌వర్కు ద్వారా అందుకుని తన లెక్కను సరిచేసుకుంటుంది. దాంతోపాటు సంకేతపు అలలనే లెక్కపెడుతుంది. ఎల్1 అల పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. అందులో ఎన్నో వంతు దగ్గర ఉన్నామో తెలిస్తే కొలత సెంటీమీటర్లకు దిగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లు, కోర్స్ కేంద్రాలు, రోవర్లతోనే జరిగింది. కొలత ఇంత కచ్చితంగా ఉన్నా, విస్తీర్ణం తగ్గిందనీ హద్దు మారిందనీ ఫిర్యాదులు పెద్ద ఎత్తున వచ్చాయి. ఇందులో వింతేమీ లేదు. రోవర్ తాను నిలిపిన చోటును కొలుస్తుంది. దాన్ని ఎక్కడ నిలపాలో చెప్పాల్సింది ఇరుగుపొరుగు రైతులు, పొలం కొలతలు రాసి ఉండే పాత ఎఫ్‌ఎంబీ పటం, తెలంగాణలోనైతే అలాంటిదే అయిన టిప్పన్, దొరికితే సర్వే రాయి. ఇవన్నీ ఒకే మాట చెప్పని చోట యంత్రం కచ్చితత్వం తగాదాను తీర్చలేదు, దాన్ని కచ్చితమైన అంకెల్లో రాసిపెడుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ రోవర్ల కొనుగోలుకు ఇచ్చిన శ్రద్ధలో సగమైనా, పొరుగు రైతులను ఒకే గట్టు మీద ఒకే పూట నిలబెట్టడానికి ఇవ్వాలి.

చిరునామా విషయంలో మాత్రం ఈ సాంకేతికత నేరుగా మేలు చేయగలదు. "రామాలయం వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా" అన్న చిరునామా ఆ ఊరివాళ్లకు చాలు, అంబులెన్సుకు చాలదు. తపాలా శాఖ 2025 మే నెలలో విడుదల చేసిన డిజిపిన్ ఈ లోటు కోసం వచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి దీన్ని రూపొందించాయి. దేశాన్ని, చుట్టూ ఉన్న సముద్రాన్ని కలిపి ఒక పెద్ద చతురస్రంగా తీసుకుని 16 గళ్లుగా విడదీస్తారు. ఒక్కో గడికి ఒక అక్షరాన్నో అంకెనో ఇస్తారు. ప్రతి గడినీ మళ్లీ 16 చేస్తారు. ఇలా పదిసార్లు చేస్తే మిగిలేది సుమారు నాలుగు మీటర్ల గడి. పది గుర్తుల ఆ కోడ్‌ను తేల్చడానికి ఇంటర్‌నెట్ కూడా అక్కర్లేదు. అందులో పేరు ఉండదు, యజమాని ఉండడు. అంతస్తు కూడా ఉండదు కాబట్టి అపార్టుమెంటులో ఫ్లాటు నంబరు రాయక తప్పదు. ఫోను తప్పు అయిదు మీటర్లు, గడి నాలుగు మీటర్లు కాబట్టి, ఇంటి కోడ్‌ను ఉపగ్రహ చిత్రం మీద ఇల్లు చూసి ఎంచుకోవడం మేలు.

మనిషి ఎవరో తెలియకుండానే

లొకేషన్ ఆధారిత సేవ అంటే మన వివరం ఇచ్చుకోక తప్పదన్న భావన బలంగా నాటుకుపోయింది. అది నిజం కాదనడానికి మంచి ఉదాహరణలు మన కళ్ల ముందే ఉన్నాయి. 2023లో దేశంలో చాలాచోట్ల ఫోన్లు ఒక్కసారిగా పెద్ద మోత మోగి, పరీక్షా సందేశం చూపించాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే ఆ పద్ధతిలో ఫలానా ప్రాంతంలోని టవర్లు సందేశాన్ని వెదజల్లుతాయి. పరిధిలో ఉన్న ఫోన్లన్నీ అందుకుంటాయి. ఎవరు అందుకున్నారో పంపినవాళ్లకు తెలియదు, తెలియనవసరం లేదు. తుఫాను హెచ్చరికకు కావలసింది ఊరు, మనిషి కాదు.

ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే సూచనలూ అలాంటివే. సముద్రపు నీటి వేడిని, అందులోని నాచు రంగును ఉపగ్రహాలు కొలుస్తాయి. చేపలు గుమిగూడే అవకాశమున్న చోట్లను లెక్కగట్టి, ఫలానా రేవు నుంచి ఏ దిక్కుగా ఎంత దూరమో స్థానిక భాషల్లో చెబుతారు. ఒడ్డు నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే మొబైల్ అందదు. అందుకే 2019లో జెమిని అనే చిన్న పరికరం తెచ్చారు. అది గగన్ ఉపగ్రహం నుంచి సందేశం అందుకుని బ్లూటూత్‌తో ఫోనుకు చేరుస్తుంది. ఇక్కడా సందేశం పైనుంచి కిందికే వస్తుంది. అయితే ఆపదలో ఉన్న పడవ తన ఉనికిని పైకి చెప్పుకోలేదు. ఆ లోటు ఎంత బాధాకరమో ఉత్తరాంధ్రకు తెలుసు. గుజరాత్ పడవల్లో పనికి వెళ్లిన మన మత్స్యకారులు 2018లో తెలియక సరిహద్దు దాటి పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇళ్లకు చేరలేదు. 2024 ఆగస్టులో మొదలైన పథకంలో 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని లక్ష పడవలకు అమర్చాలనుకున్న ఇస్రో పరికరాలు రెండు వైపులా మాట్లాడతాయి, సముద్ర సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిస్తాయి. ఇక్కడ స్థానం పంపడానికి బలమైన కారణం ఉంది, అది పడవలోని మనిషి మేలు కోసమే.

ఇదే కొలమానంతో ఉపాధి హామీ హాజరు యాప్‌ను చూడండి. 2021లో వచ్చి, 2023 జనవరి నుంచి తప్పనిసరైన ఆ పద్ధతిలో కూలీల బృందాన్ని చూసుకునే మేట్ రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, స్థానంతో సహా పంపాలి. నెట్‌వర్కు లేని గుట్టల్లో ఫొటో ఎక్కక, పనిచేసినా హాజరు పడని కూలీలు దేశమంతటా నిరసన తెలిపారు. మరోవైపు ఫొటోనే ఫొటో తీసి పంపుతున్నారని, సంబంధం లేని చిత్రాలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. ఫోను ఎక్కడుందన్నది ఒక ప్రశ్న, కాలువ పూడిక ఎంత తీశారన్నది వేరే ప్రశ్న. మొదటి జవాబును రెండోదానికి వాడుకోబోయి, నిజాయితీగా పనిచేసినవాళ్ల కూలీకే ఎసరు పెట్టారు.

పేరు తీసేసి స్థానాలు మాత్రమే ఉంచుతున్నామని యాప్‌లు ఇచ్చే హామీని కూడా నమ్మడానికి లేదు. పదిహేను లక్షల మంది ఫోను కదలికలను పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఏ సమయంలో ఎక్కడున్నారన్న నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని గుంపులోంచి విడిగా గుర్తించవచ్చని తేలింది. రాత్రి ఉండే చోటు ఇల్లు, పగలు ఉండే చోటు పని. ఇక పేరు లేకపోతేనేం? 2018 జనవరిలో, వ్యాయామ యాప్ స్ట్రావా ప్రచురించిన ప్రపంచ పటంలో ఎడారి మధ్య వెలుగుతున్న గీతలను చూసి సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తే దారులని ఓ విద్యార్థి గుర్తుపట్టాడు. ఆ పటంలో ఒక్క పేరు కూడా లేదు.

ఫోనులో మన చేతికి కొన్ని మీటలు వచ్చాయి. యాప్ వాడుతున్నంతసేపే అనుమతి ఇవ్వడం ఆండ్రాయిడ్‌లో 2019 నుంచి, కచ్చితమైన స్థానం బదులు సుమారు మూడు చదరపు కిలోమీటర్ల ఉజ్జాయింపు ఇవ్వడం 2021 నుంచి ఉంది. ఐఫోనులో ఈ రెండో మీట 2020లో వచ్చింది. వాతావరణ యాప్‌కు ఉజ్జాయింపు చాలు. క్యాబ్ యాప్‌కు కచ్చితమైన చోటు కావాలి, ప్రయాణం ముగిశాక వద్దు. టార్చి యాప్ అడిగితే తీసిపారేయాలి. కానీ హాజరు యాప్ విషయంలో కూలీకి, ఉద్యోగికి ఈ మీటలు లేనట్టే. అనుమతి ఇవ్వకపోతే జీతమే ఆగుతుంది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ కేంద్రం కోరుకుంటే ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచే మినహాయించే వీలు 17వ సెక్షన్‌లో ఉంది. లొకేషన్ ఇవ్వననే స్వేచ్ఛ ఎక్కడ అతి తక్కువో, రక్షణ అక్కడే బలహీనంగా ఉంది.

సాంకేతికంగా దీనికి పరిష్కారం ఉంది. పని జరిగే చోటు హద్దులను ముందే ఫోనుకు పంపితే, చుక్క ఆ హద్దు లోపల ఉందో లేదో ఫోనే పోల్చుకుని, "లోపలే" అన్న ఒక్క జవాబును కార్యాలయానికి పంపగలదు. అక్షాంశ రేఖాంశాలు ఫోను దాటనవసరం లేదు, ఏళ్ల తరబడి సర్వర్లలో పేరుకుపోనవసరం లేదు. మనం తిరిగిన చోట్లను నమోదు చేసే తన టైమ్‌లైన్ చిట్టాలను గూగుల్ సర్వర్ల నుంచి వాడుకరుల ఫోన్లలోకే మారుస్తామని 2023 డిసెంబరులో ప్రకటించింది. అంత పెద్ద సంస్థకు సాధ్యమైనది మన శాఖలకు అసాధ్యం కాదు. ఫోనులో తప్పుడు స్థానం చూపించి మోసం చేస్తారు కదా అని అధికారులు అనవచ్చు. ఇప్పుడు సర్వరుకు చేరుతున్న అంకెలు కూడా ఆ ఫోను చెప్పినవే.